ఇంటి తోటకు దేశీ గడ్డి, తుంగ జాతులు

గరిక, దర్భ, వట్టివేరు, రెల్లు, తుంగ తెలుగు నేలలో సహజంగా పెరిగే మొక్కలు. వినాయక చవితి పత్రిలో గరిక ఉంటుంది. గ్రహణం రోజున ఆవకాయ జాడీ మీద దర్భ పోచ వేస్తారు. వేసవిలో కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికపై నీళ్లు చల్లితే గది చల్లబడి, ఇల్లంతా కమ్మటి వాసన పరుచుకుంటుంది. వీటిలో కొన్ని పెరటికి ఎంతో మేలు చేస్తాయి, కొన్ని మాత్రం పెరటినే ఆక్రమిస్తాయి. అందుకే మొక్క దేశీదా కాదా అన్నదానితో పాటు అది ఎలా పాకుతుందో కూడా తెలుసుకుని ఎంచుకోవాలి.

గడ్డికీ తుంగకూ తేడా

గడ్డి జాతులు పోయేసీ కుటుంబానికి, తుంగలు సైపరేసీ కుటుంబానికి చెందుతాయి. గడ్డి కాడ సాధారణంగా గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. ఆకులు కాడకు రెండు వైపులా వరుసగా వస్తాయి. చాలా తుంగల కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, ఆకులు మూడు వరుసల్లో వస్తాయి. చెరువు గట్టున చాలావాటిని గుర్తుపట్టడానికి ఈ పరీక్ష సాయపడుతుంది.

పెరిగే తీరు

దుబ్బుగా పెరిగేవి నాటిన చోటే ఉండి ఏటేటా లావవుతాయి. పాకేవి నేల మీది తీగలతోనో, నేల కింది కాండంతోనో, దుంపలతోనో పక్క మళ్లలోకి వెళ్తాయి. చిన్న పెరటికి దుబ్బు రకాలు మేలు. పాకేవాటికి రాతి అంచు కట్టిన మడి గానీ, కుండీ గానీ కావాలి.

ముఖ్య జాతులు

వట్టివేరు: ఇది దుబ్బుగా, మనిషెత్తు వరకు పెరుగుతుంది. అనుకూలమైన నేలలో వేళ్లు 3 మీటర్లకు పైగా నిటారుగా దిగుతాయి. వాలు నేల కోసుకుపోకుండా ఆపడానికి ఇది పేరుపొందినది. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంత రైతులు దీన్ని ఎంతోకాలంగా పొలం గట్లపై పెంచుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు దీన్ని నేల సంరక్షణకు విస్తృతంగా ప్రచారం చేసింది. సాగులో ఉన్న దక్షిణాది రకం మొలకెత్తే విత్తనాలు దాదాపుగా ఇవ్వదు కనుక కలుపుగా మారే భయం తక్కువ.

గరిక: ఎండ నిండుగా పడే చోట పచ్చిక బయలుకు తగినది. తొక్కుడును, కోతను తట్టుకుంటుంది. వానలు లేనప్పుడు ఎండినట్టు కనిపించినా తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. నీడలో మాత్రం పలుచబడుతుంది. చెట్ల కింద దీనికి బదులు నీడనోర్చే ఒప్లిస్మెనస్ జాతులు నిలుస్తాయి.

నిమ్మగడ్డి: ఈ పేరుతో పెంచేవాటిలో సింబోపోగన్ ఫ్లెక్సువోసస్ భారతదేశపు జాతి. దుబ్బుగా పెరుగుతుంది. ఎండ, నీరు నిలవని నేల ఉంటే కుండీలోనూ బాగా వస్తుంది.

రెల్లు: వానాకాలం చివర తెల్లటి వెన్నులతో కనువిందు చేస్తుంది. గిజిగాడు గూడు అల్లడానికి దీని ఆకుల నుంచి పీచు చీల్చుకుపోతుంది. కోయంబత్తూరు చెరకు పరిశోధకులు చెరకును రెల్లుతో సంకరం చేసి కో 205 అనే రకాన్ని రూపొందించి 1918లో విడుదల చేశారు. రెల్లు నేల కింద దూరంగా పాకుతుంది కనుక దీన్ని విశాలమైన తోటల్లో, వాగు ఒడ్డున మాత్రమే నాటాలి. దర్భ కూడా పాకే స్వభావం కలదే.

తుంగ: తుంగముస్తలుగా ఆయుర్వేదంలో వాడే దుంపలు దీనివే. ప్రపంచంలోని అతి మొండి కలుపు మొక్కల్లో ఇదొకటి. పైకి లాగితే ఆకు చేతికొస్తుంది, గొలుసుకట్టుగా ఉన్న దుంపలు నేలలోనే మిగిలి మళ్లీ మొలుస్తాయి. మందుకు కావాలనుకుంటే కుండీలోనే పెంచాలి.

శూలాల గడ్డి: దక్కను గుట్టలపై పెరిగే హెటిరోపోగన్ కంటార్టస్‌ను అందం కోసం నాటవచ్చు. దాని గింజకు నల్లటి మెలితిరిగిన ముల్లు ఉంటుంది. తేమ తగలగానే మెలిక విప్పుకుంటూ గింజను మట్టిలోకి తొలుస్తుంది. బట్టల్లోకి, చర్మంలోకి కూడా దిగుతుంది కనుక పిల్లలు ఆడే చోట, నడిచే దారి పక్కన వద్దు.

నాటడం, సంరక్షణ

తొలకరి తర్వాత నాటితే తడి పెట్టే శ్రమ తగ్గుతుంది. గరికను రెండు మూడు కణుపులున్న ముక్కలుగా, దుబ్బు జాతులను పిలకలుగా విడదీసి నాటాలి. వేసవి చివర ఎండిన ఆకును జానెడు ఎత్తున కోస్తే వానలకు కొత్త చిగురు వస్తుంది. కోసిన ఆకు మొక్కల పాదుల్లో పరిస్తే నేల తేమ నిలుస్తుంది.

వట్టివేరు వేళ్లు కావాలంటే మొత్తం దుబ్బును తవ్వాల్సిందే, దాంతో గట్టు వదులవుతుంది. కాబట్టి వేళ్ల కోసం వేరే వరుస పెంచి, గట్టు మీది వరుసను ముట్టుకోకూడదు. తవ్విన దుబ్బు నుంచి పిలకలు విడదీసి అదే గుంటలో తిరిగి నాటితే వేళ్లు తడికకు, పిలకలు మరుసటి పంటకు అందుతాయి.