వయ్యారిభామ పుప్పొడికి కూలిన వేరుశెనగ

2000 ఖరీఫ్‌లో అనంతపురం రైతులు వేరుశెనగ చేలల్లో కొత్త రకం చావు చూశారు. లేత ఆకుల మీద మచ్చలు తేలాయి. కొమ్మల చివర్లు నల్లబడ్డాయి, కాండం మాడిపోయింది. బెట్టకు వాడిన మొక్క వాన పడితే తేరుకుంటుంది. ఇది తేరుకోలేదు. ఆ ఒక్క పంటకాలంలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా.

జిల్లా అంతా ఒకే పంటను నమ్ముకున్న కాలమది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాదు. అలాంటి ఎర్రనేలల్లో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ, కంది పండేవి. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి చేరేది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వేరుశెనగ వాటిని పక్కకు నెట్టింది. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలుపెట్టాక జోరు ఇంకా పెరిగింది. రైతు ఎంపికను తప్పుపట్టడం అన్యాయం. వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, ఆపైన ఊడ నేలలోకి దిగి చీకట్లో కాయ కడుతుంది. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. ఊడలు దిగే వేళ జిప్సం వేయమనేది అందుకే. పేద నేలకు ఇంతకంటే పొదుపైన పంట దొరకడం కష్టం. పైగా నూనె, పశువులకు మేత, చేతికి రొక్కం.

తెగులు కనిపించగానే అందరి అనుమానం పాత శత్రువు మొవ్వుకుళ్లు వైరస్ మీదికే వెళ్లింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రయోగశాలలో పరీక్షలు చేస్తే వేరే పేరు తేలింది: టొబాకో స్ట్రీక్ వైరస్. అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర 1997లో పొద్దుతిరుగుడును ఎండబెట్టింది కూడా ఇదే.

ఈ వైరస్ దాక్కునే చోటు వయ్యారిభామ. 1950ల్లో పూణేలో కంటబడి దేశమంతా పాకిన పరాయి కలుపు అది. లోపల వైరస్ ఉన్నా మొక్క పచ్చగానే ఉంటుంది, జబ్బు జాడే కనిపించదు. తొలి వానలకు గట్ల మీద, బాటల పక్కన, బీళ్లలో విరగబూస్తుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి లేచి, తామర పురుగుల ఒంటికి అంటుకొని వేరుశెనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకి రసం పీల్చినప్పుడు పడే గాయంలోంచి వైరస్ కణాల్లోకి దూరుతుంది. పూత వేళకు బెట్ట కూడా తోడైతే పురుగు మరింత పెరుగుతుంది. ఒక కలుపు, ఒక పురుగు, ఒక వైరస్ ఇలా కలిసి పనిచేశాయని తేల్చడం మన మొక్కల వైద్యంలో చెప్పుకోదగిన పరిశోధన. ఒక్క ఊరట ఏమిటంటే, వేరుశెనగ విత్తనం ద్వారా ఈ వైరస్ మరుసటి పంటకు పోదు.

మరి తట్టుకునే రకం లేదా? అప్పట్లో జిల్లాలో ఎక్కువగా వేసినది టి.ఎం.వి.-2, తమిళనాడులోని తిండివనంలో 1940లో విడుదలైన రకం. అది ఈ తెగులుకు లొంగిపోయింది. సాగులో ఉన్న మిగతా రకాల్లోనూ గట్టి నిరోధకత దొరకలేదు. దీని మూలం చాలా వెనక ఉంది. దక్షిణ అమెరికాలో వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిశాయి. ఒక్కోదానికి 20 క్రోమోజోములు. వాటి క్రోమోజోములు రెట్టింపై పుట్టిన వేరుశెనగకు 40. ఆ తేడా వల్ల అది అడవి బంధువులతో సులువుగా సంకరం కాలేకపోయింది, జన్యు వైవిధ్యం ఇరుకైపోయింది. ఈ వైరస్‌ను తట్టుకునే గుణం మాత్రం కొన్ని అడవి జాతుల్లోనే కనిపించింది. దాన్ని సాగు రకాల్లోకి తేవడం శ్రమతో కూడిన పని.

అందుకే శాస్త్రవేత్తలు పొలం గట్టు వైపు చూశారు. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ వరుసలుగా ఒత్తుగా వేయమన్నారు. గాలితో వచ్చే పురుగును, పుప్పొడిని అది అడ్డుకుంటుంది. పొద్దుతిరుగుడు పక్కన వేరుశెనగ వద్దన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, వయ్యారిభామను పూతకు రాకముందే పీకమన్నారు. ఇది ఒక్క రైతు చేయగలిగిన పని కాదు. తన చేను శుభ్రం చేసుకున్నా పక్క బీడు, రోడ్డు అంచు, ఊరి పోరంబోకు పూస్తూనే ఉంటాయి. ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులను చంపేందుకు తొలి వానల తరవాత ఊరంతా ఒకే రాత్రి మంటలు వేయమని చెప్పినట్టే, దీనికీ ఊరంతా ఒకేసారి దిగాలి.