ఒంటె ముక్కు, మనిషి ఊపిరితిత్తి

మస్కట్ నుంచి సూర్ వెళ్ళే దారిలో, హజర్ పర్వతాలకూ సముద్రానికీ మధ్య ఉన్న చిన్న రేవు పట్టణం ఖురియాత్. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ దీనిని కొల్లగొట్టి తగలబెట్టాడు. 2020 ఏప్రిల్ 10న కోవిడ్ కారణంగా మస్కట్ గవర్నరేటును దిగ్బంధించినప్పుడు, అందులో భాగమైన ఖురియాత్ కూడా మూతపడింది. కోవిడ్ కథ అందరూ ఎరిగినదే. కాని ఒమాన్‌కు ప్రాణాంతకమైన కరోనావైరస్‌తో పరిచయం అంతకు ఏడేళ్ళ ముందే కలిగింది. అది ఒంటెల కథ.

2012 జూన్‌లో జెద్దాలోని ఒక ఆసుపత్రిలో అరవై ఏళ్ళ రోగి తీవ్రమైన న్యుమోనియాతో చేరి, మూత్రపిండాలు కూడా విఫలమై, పదకొండు రోజులకు మరణించాడు. అతని కఫం నుంచి ఈజిప్టు వైరాలజిస్టు అలీ మొహమ్మద్ జకీ ఒక కొత్త కరోనావైరస్‌ను వేరుచేశాడు. మరుసటి ఏడాది దానికి మెర్స్ అని పేరు పెట్టారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆ రోజుల్లో తొలి ఆధారం ఒమాన్ నుంచే దొరికింది. పందాల నుంచి విరమించిన 50 ఒమాన్ ఒంటెల రక్తాన్ని పరీక్షించగా, యాభైలోనూ ఈ వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు కనిపించాయి. కెనరీ దీవుల ఒంటెల్లో ఆ సంఖ్య 105కు 15 మాత్రమే. ఈ ఫలితం 2013 ఆగస్టులో వెలువడింది; అక్టోబరులో ఒమాన్‌లోని దాఖిలియా ప్రాంతంలో తొలి మానవ కేసు బయటపడింది. తరువాత పాత సీరం నమూనాలను తిరగదోడగా, 1983 నాటి ఆఫ్రికా ఒంటెల్లోనూ ఈ ప్రతిరక్షకాలే కనిపించాయి. మూడు దశాబ్దాలపాటు వైరస్ ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణం సులువైనదే: ఒంటెకు అది జలుబు మాత్రమే.

ఒంటెకు జలుబైనది మనిషికి మరణం ఎందుకైంది? వైరస్ పైనున్న స్పైక్ ప్రొటీను కణంలోకి చొరబడాలంటే కణం ఉపరితలం మీద దానికి తగిన గ్రాహకం ఉండాలి. మెర్స్‌కు ఆ గ్రాహకం డీపీపీ4 అని 2013లో రోటర్‌డామ్ పరిశోధకులు తేల్చారు. మధుమేహానికి వాడే గ్లిప్టిన్ మందులు పనిచేసేది ఈ ప్రొటీను మీదనే. అయితే మందు పట్టుకునే చోటు వేరు, వైరస్ పట్టుకునే చోటు వేరు. అందుచేత ఆ మాత్రలు వైరస్‌ను అడ్డుకోలేవు. ఒంటెలో డీపీపీ4 ముక్కు లోపలి పొరలో పుష్కలంగా ఉంటుంది. మనిషి ముక్కులో అది చాలా తక్కువ. ఊపిరితిత్తుల అడుగున, రక్తంలోకి ప్రాణవాయువు చేరే గాలితిత్తుల గోడల్లోనూ, మూత్రపిండాల్లోనూ ఉంటుంది. కనుక మనిషిలో వైరస్‌కు అనువైన చోటు ఛాతీ లోతుల్లోనే.

అక్కడ చేరిన వైరస్ కణంలోనే పొరల సంచులు కట్టుకొని, వాటి చాటున తన ఆర్‌ఎన్‌ఏకు నకళ్ళు తీస్తుంది. ప్రమాద ఘంటిక వంటి ఇంటర్‌ఫెరాన్‌ను తొలి రోజుల్లో మోగనివ్వదు. ఆలస్యంగా మేల్కొన్న రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు వైరస్‌తోపాటు గాలితిత్తుల గోడలూ దెబ్బతింటాయి. రక్తనాళాల నుంచి కారిన ద్రవం వాటిని నింపుతుంది. రోగి తన ఊపిరితిత్తుల్లోనే మునిగిపోతున్నట్టు అవుతాడు. నిర్ధారితమైన మెర్స్ రోగుల్లో సుమారు 35 శాతం మరణించారు. మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి ముప్పు మరింత హెచ్చు.

ఇంత లోతున ఉన్న వైరస్ మామూలు మాటల తుంపరల్లో సులభంగా బయటకు రాదు. అందుకే అది ఇళ్ళలోకంటే ఆసుపత్రుల్లో ఎక్కువగా వ్యాపించింది. 2015లో గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఒక్క ప్రయాణికుడి ద్వారా దక్షిణ కొరియాలో 186 మందికి సోకి, 38 మంది మరణించారు. కోవిడ్ వైరస్‌కు కావలసిన ఏసీఈ2 గ్రాహకం మనిషి ముక్కులోనూ దొరుకుతుంది. లక్షణాలు పైకి తేలకముందే అది ఇతరులకు అంటుకోవడానికి అదొక ముఖ్య కారణం.

లెక్కకు వచ్చిన కేసులే మెర్స్ చరిత్ర అంతా కాదు. సౌదీలో జరిపిన రక్తపరీక్షల్లో, సాధారణ జనంతో పోలిస్తే ఒంటెల కాపరుల్లో 15 రెట్లు, కబేళా కార్మికుల్లో 23 రెట్లు ఎక్కువగా ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే, ఆసుపత్రి గడప తొక్కకుండానే జబ్బుపడి కోలుకున్నవారు ఉన్నారన్నమాట. గల్ఫ్ ఎడారుల్లో ఒంటెలు కాసే వలస కూలీల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవారూ ఉన్నారు. 2019 ఆరంభంలో ఒమాన్‌లోని ఉత్తర బాతినాలోనూ, ఖురియాత్‌కు ఆనుకొని ఉన్న దక్షిణ షర్కియాలోనూ మెర్స్ మళ్ళీ తలెత్తింది. మనుషులకు ఆమోదించిన టీకా దీనికి ఇప్పటికీ లేదు. సెలవు మీద ఊరికి వచ్చిన కాపరి జ్వరంతో, ఆయాసంతో జగిత్యాల ఆసుపత్రికి వెళితే, అక్కడి వైద్యుడు అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఒకటి ఒంటెల గురించి.