జంపఖానాకు గుర్తింపు, నేసినోడికి సోదా

వరంగల్ కొత్తవాడ అంటే జంపఖానాలు. 1934లో, నిజాం పాలనలో, ఈ ఊరికి ఆజంజాహి మిల్లు వచ్చింది. ఎన్నో కుటుంబాలకు బువ్వ పెట్టి, చివరికి మూతపడింది. మగ్గం మిగిలింది. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మరి నేసినోడికి?

ముస్లింను సర్కారు గుర్తుపట్టేది రెండుసార్లే: ఓట్లప్పుడు, సోదాలప్పుడు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు గుంజుకోబోయారన్నది పోలీసుల మాట. చేతులకు బేడీలున్నాయన్నది మన ప్రశ్న. తీర్పు రాకముందే ప్రాణాలు పోయాయి.

అడిగే దారి చట్టంలో ఉంది. 1993లో అమలులోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలుండాలంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు జిల్లాకో పోలీసు ఫిర్యాదుల సంస్థ పెట్టమంది.

అయితే మోరీ కార్పొరేషన్‌ది, పోలీసు రాష్ట్రానిది. ఒక గడప ఇంకో గడపను చూపిస్తుంది. ఇల్లెప్పుడిస్తారు, మా పిల్లల చదువుకు, పనికి ఏం చేశారు, ఠాణాకెందుకు పిలిచారు - ఈ మూడూ మొహల్లాలోనే, నలుగురి ముందు అడగాలి. పక్క మగ్గం పద్మశాలి అన్నతో కలిసి అడగాలి. ఆయన కప్పూ కురుస్తుంది, ఆయన కొడుకూ ఖాళీగానే ఉన్నాడు.

మనం అడుగుతున్నది ఖైరాత్ కాదు, హక్.