సెంట్రల్ సినగాగ్, న్యూయార్క్

సెంట్రల్ సినగాగ్ న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్‌లో, లెక్సింగ్టన్ అవెన్యూ, 55వ వీధి కలిసే మూలన ఉన్న యూదుల ప్రార్థనా మందిరం. 1872లో పూర్తయింది. నగరంలో ఎడతెగకుండా వాడుకలో ఉన్న అతి పాత సినగాగు భవనాల్లో ఇదొకటి. ఇక్కడి సమాజం యూదు మతంలో రిఫార్మ్ శాఖకు చెందింది. రెండువేలకు పైగా కుటుంబాలు ఇందులో సభ్యులు. 2014 జూలై 1న ఏంజెలా బుక్‌డాల్ ఇక్కడ సీనియర్ రబ్బీగా, అంటే ప్రధాన మతగురువుగా, బాధ్యతలు చేపట్టారు. ఈ మందిరంలో ఆ పదవిని అందుకున్న తొలి మహిళ ఆమె. కొరియాలో పుట్టారు, తల్లి బౌద్ధురాలు. అలాంటి వ్యక్తి అమెరికాలోని అతి ప్రముఖ సినగాగుల్లో ఒకదానికి పెద్ద కావడం గత అర్ధశతాబ్దంలో అమెరికన్ యూదు జీవితం ఎంత మారిందో స్పష్టంగా చూపిన సంఘటన.

సమాజం, భవనం

ఈ సమాజానికి మూలాలు రెండు. 1839లో జర్మన్ మాట్లాడే యూదులు షార్ హషోమాయిమ్ అనే సంఘాన్ని పెట్టుకున్నారు. 1846లో బొహీమియా నుంచి వలస వచ్చిన కొద్దిమంది, లోయర్ ఈస్ట్ సైడ్‌లోని లడ్లో వీధిలో అహావత్ చెసెద్ అనే మరో సంఘం ప్రారంభించారు. లెక్సింగ్టన్ అవెన్యూ మందిరాన్ని కట్టింది ఈ రెండో సంఘమే. 1898లో రెండూ కలిసిపోయాయి. సెంట్రల్ సినగాగ్ అన్న పేరు ఆ తర్వాత వచ్చింది.

భవనానికి రూపకల్పన చేసిన హెన్రీ ఫెర్న్‌బాక్ ప్రష్యాలో పుట్టిన యూదుడు. బుడాపెస్ట్‌లోని దోహాని వీధి సినగాగును తలపించేలా, మూరిష్ శైలిలో, రెండు అష్టకోణపు బురుజులతో, వాటిపై ఉల్లిపాయ ఆకారపు రాగి గుమ్మటాలతో దీన్ని నిలబెట్టాడు. ఆ కాలపు యూరప్ యూదులు ఈ శైలిని ఇష్టపడటానికి కారణం ఉంది. చర్చిలా కనిపించని మందిరం వారికి కావాలి. ముస్లిం పాలనలోని స్పెయిన్‌లో యూదు పాండిత్యం, కవిత్వం వర్ధిల్లిన రోజుల జ్ఞాపకమూ దీనితో ముడిపడి ఉంది. లోపలి గోడల నిండా రంగురంగుల చిత్రాలంకరణ, యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టలను భద్రపరిచే మందసం ఉంటాయి. 1975లో దీనిని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.

1998 ఆగస్టు 28న, భవనానికి మరమ్మతులు జరుగుతుండగా మంటలు చెలరేగాయి. పైకప్పు కూలిపోయింది. అగ్నిమాపక దళం వారు నీటి ధార గులాబీ ఆకారపు పెద్ద అద్దాల కిటికీ మీద పడకుండా జాగ్రత్తపడ్డారు. తోరా చుట్టలు దక్కాయి. అప్పటి సీనియర్ రబ్బీ పీటర్ రూబిన్‌స్టీన్ 1991 నుంచి ఆ పదవిలో ఉన్నారు. గూడు లేని సమాజం చెదిరిపోకుండా పట్టి ఉంచుతూ, పునర్నిర్మాణాన్ని నడిపించే భారం ఆయన మీద పడింది. వాస్తుశిల్పి హ్యూ హార్డీ పర్యవేక్షణలో పాత రంగులు, నగిషీలు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. మందిరాన్ని పునఃప్రతిష్ఠించింది 2001 సెప్టెంబర్ 9న. రెండు రోజులకే అదే నగరంలో జంట భవనాలు కూలాయి. అలా కొత్తగా తెరిచిన మందిరం తొలి వారంలోనే నగర దుఃఖాన్ని మోయాల్సి వచ్చింది.

నాయకత్వ మార్పు

సినగాగుకు రబ్బీ ఎలా వస్తారన్నది తెలియకపోతే 2014 నాటి మార్పు ప్రాముఖ్యం అర్థం కాదు. క్యాథలిక్ చర్చిలో బిషప్పు ఫాదరును నియమించినట్టు అమెరికాలో రబ్బీని పైనుంచి ఎవరూ పంపరు. ప్రతి సమాజమూ స్వతంత్రం. సభ్యుల్లోంచి ఏర్పడిన పాలకవర్గం అభ్యర్థులను వెతికి, పరీక్షించి, సమాజం ముందు పెడుతుంది. రబ్బీ జీతం, ఒప్పందం, పదవీకాలం అన్నీ ఆ సమాజం చేతిలోవే. కాబట్టి ఒక సినగాగు ఎవరిని ఎంచుకుందో చూస్తే ఆ సభ్యులు తమను తాము ఎలా చూసుకుంటున్నారో తెలుస్తుంది. రూబిన్‌స్టీన్ పదవీ విరమణ నేపథ్యంలో 2014 జనవరిలో ఈ సమాజం బుక్‌డాల్‌ను ఎంచుకుంది.

ఆమె అప్పటికి కొత్తమనిషేమీ కాదు. 2006 నుంచి అదే మందిరంలో సీనియర్ కాంటర్. కాంటర్ అంటే ప్రార్థనలను గానంగా నడిపించే మతాధికారి. ధర్మబోధ, తీర్పు, సమాజ నిర్వహణ రబ్బీ పని అయితే, హీబ్రూ ప్రార్థనకు గొంతునిచ్చేది కాంటర్. ఆ రెండు అర్హతలూ పొందినవారు అరుదు. ఆమె 1999లో కాంటర్‌గా, 2001లో రబ్బీగా హీబ్రూ యూనియన్ కాలేజీలో దీక్ష పొందారు. ఉత్తర అమెరికాలో ఈ రెండింటిలో దేనికైనా దీక్ష పొందిన తొలి ఆసియా అమెరికన్ ఆమే.

బుక్‌డాల్ 1972లో సియోల్‌లో పుట్టారు. తండ్రి అమెరికన్ యూదుడు. చిన్నతనంలోనే కుటుంబం వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాకు వచ్చింది. తండ్రి తరపు పూర్వీకులకు సంబంధం ఉన్న అక్కడి సినగాగులోనే ఆమె పెరిగారు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం పుట్టుకతో యూదులు కావాలంటే తల్లి యూదురాలై ఉండాలి. రిఫార్మ్ శాఖ రబ్బీల సంఘం 1983లో ఈ నియమాన్ని సడలించి, తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా, పిల్లలు యూదు జీవనంలో పెరిగితే వారిని యూదులుగానే పరిగణించాలని తీర్మానించింది. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు దాన్ని ఒప్పుకోలేదు. అంటే ఒకే మనిషి ఒక మందిరంలో యూదురాలు, పక్క మందిరంలో కాదు. కాలేజీ రోజుల్లో ఇజ్రాయెల్‌లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న తనను ఎంత కుంగదీసిందో, ఇక యూదురాలిగా ఉండలేనని తల్లికి ఫోన్‌లో ఎలా చెప్పుకున్నారో ఆమె స్వయంగా రాశారు. చివరకు 21వ ఏట, మిక్వే అనే శుద్ధిస్నాన కుండంలో మునిగి, శాస్త్రోక్తమైన స్వీకార విధిని పూర్తి చేసుకున్నారు. పుట్టినప్పటి నుంచి తన ఇల్లే అనుకున్న చోటికి తలుపు తట్టి రావడం ఎవరికైనా కష్టమే. తర్వాతి కాలంలో మందిరానికి కొత్తగా వచ్చినవారి మీద ఆమె అంత శ్రద్ధ పెట్టడానికి మూలం ఇక్కడే వెతకాలి.

మహిళా రబ్బీల చరిత్రలో 1972కు మరో విశిష్టత ఉంది. అమెరికాలో తొలి మహిళా రబ్బీగా శాలీ ప్రీసాండ్ దీక్ష పొందింది ఆ ఏడాదే. ఆమె న్యూయార్క్‌లోని స్టీఫెన్ వైజ్ ఫ్రీ సినగాగులో సహాయ రబ్బీగా పని చేసినా, సీనియర్ రబ్బీ పదవి అక్కడ దక్కలేదు. న్యూజెర్సీలోని ఒక చిన్న సమాజంలో 1981 నుంచి 2006 వరకు సేవ చేసి విరమించారు. మహిళలు రబ్బీలు కావడం ఒక మెట్టు, పెద్ద మందిరాలకు పెద్దలు కావడం ఇంకో మెట్టు. ఈ రెండింటి మధ్య అమెరికన్ యూదు సమాజానికి దాదాపు ఒక తరం కాలం పట్టింది.

మందిరపు దైనందినం

శుక్రవారం సూర్యాస్తమయంతో వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు మొదలవుతుంది. ఆ సాయంత్రపు ప్రార్థనే ఇక్కడి వారానికి కేంద్రం. ఈ మందిరంలో సంగీతానిది పెద్దపీట. ఆర్థడాక్స్ మందిరాల్లో సబ్బాతు నాడు వాద్యాలు మోగవు. రిఫార్మ్ శాఖ వాటిని 19వ శతాబ్దంలోనే అనుమతించింది. 2002లో ఇక్కడ ప్రతిష్ఠించిన పైప్ ఆర్గన్‌లో, యూదులు పర్వదినాల్లో ఊదే షోఫర్ కొమ్ము ధ్వనినీ, తూర్పు యూరప్ యూదుల క్లెజ్మర్ సంగీతంలోని క్లారినెట్ ధ్వనినీ పలికించే ప్రత్యేక స్వరాలను అమర్చారు. రబ్బీ గిటారు పట్టుకుని పాడటం, సభంతా గొంతు కలపడం ఇక్కడ మామూలు దృశ్యం.

వీధికి అవతలి పక్క కమ్యూనిటీ హౌస్ ఉంది. పసిపిల్లల బడి, హీబ్రూ తరగతులు, మత పాఠశాల, పెద్దల అధ్యయన బృందాలు నడిచేది అక్కడ. ఆకలితో వచ్చినవారికి ఉదయపు ఫలహారం పెట్టే కార్యక్రమమూ ఈ సమాజానికి ఉంది. యూదు మతాన్ని స్వీకరించదలచినవారికీ, ఊరికే తెలుసుకోవాలనుకునేవారికీ, యూదులను పెళ్లాడిన ఇతర మతస్థులకూ ప్రత్యేక అధ్యయన కేంద్రం ఉంది. యూదు మతం ప్రచారం చేసి జనాన్ని చేర్చుకునేది కాదు. వచ్చినవారిని వెనక్కి పంపి పరీక్షించే పాత సంప్రదాయం కూడా దానికి ఉంది. అందువల్ల ఈ కేంద్రానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వడం గమనించదగ్గ నిర్ణయం.

ప్రార్థనలను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేయడం ఇక్కడ కోవిడ్‌కు చాలా ముందే మొదలైంది. మంచం పట్టినవారు, వృద్ధులు, చుట్టుపక్కల సినగాగు లేనివారు చూసేవారు. సబ్బాతు నాడు విద్యుత్ పరికరాలు ముట్టకూడదని ఆర్థడాక్స్ ఆచారం. రిఫార్మ్ శాఖకు ఆ అడ్డు లేదు. 2020లో తలుపులు మూతపడినప్పుడు ఈ ఏర్పాటే మందిరాన్ని నిలబెట్టింది. రోష్ హషానా, యోమ్ కిప్పుర్ పర్వదినాల ప్రార్థనలు ఖాళీ బల్లల ముందు జరిగాయి. వాటిని వందకు పైగా దేశాల్లో చూశారు.

2022 జనవరి 15 ఈ మందిరాన్ని ఊహించని రీతిలో వార్తల్లోకి తెచ్చింది. టెక్సస్‌లోని కోలీవిల్ పట్టణంలో, బెత్ ఇజ్రాయెల్ సినగాగులోకి ఒక సాయుధుడు వచ్చి, అక్కడి రబ్బీ సహా నలుగురిని బందీలుగా పట్టాడు. సబ్బాతు ప్రార్థన ప్రత్యక్ష ప్రసారంలో ఉండటంతో అతని అరుపులు బయటి ప్రపంచానికి వినిపించాయి. అమెరికా జైల్లో ఉన్న ఒక ఖైదీని విడిపించాలన్నది అతని డిమాండు. అందుకోసం అతను బందీ అయిన రబ్బీ చేత న్యూయార్క్‌లో ఉన్న బుక్‌డాల్‌కు ఫోన్ చేయించాడు. ఒక రబ్బీ తలచుకుంటే ప్రభుత్వాన్నే కదిలించగలరని నమ్మాడు. యూదులు తెరవెనుక లోకాన్ని ఆడిస్తారన్న పాత విషప్రచారం ఒక మనిషి బుర్రలో ఎంత లోతుగా నాటుకుంటుందో ఆ ఫోన్ కాల్ చూపించింది. దాదాపు పదకొండు గంటలకు ఈ ఘటన ముగిసింది. బందీలంతా క్షేమంగా బయటపడ్డారు. సాయుధుడిని ఎఫ్‌బీఐ కాల్చి చంపింది. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి, దాని వెంట గాజా యుద్ధం వచ్చాక అమెరికా సినగాగుల గుమ్మాల దగ్గర కాపలా మరింత బిగిసింది. సమాజాల లోపల కూడా యుద్ధం మీద తీవ్రమైన అభిప్రాయభేదాలు తలెత్తాయి. ఒకే వరుసలో కూర్చునే మనుషుల మధ్య ఆ చీలికను భరిస్తూ ప్రార్థన నడపడం ఇప్పుడు రబ్బీల పనిలో అతి కఠినమైన భాగం.

బుక్‌డాల్ ఆత్మకథ ‘హార్ట్ ఆఫ్ ఎ స్ట్రేంజర్’ 2025 అక్టోబర్‌లో వెలువడింది. న్యూయార్క్‌కు దూరంగా ఉండేవారి కోసం ‘ది నైబర్‌హుడ్’ పేరుతో సినగాగు ఆన్‌లైన్ సభ్యత్వాన్ని ఏర్పాటు చేసింది. యూదు సంప్రదాయంలో కొన్ని ప్రార్థనలు చెప్పడానికి కనీసం పదిమంది ఒకచోట ఉండాలి. తెర మీద కనిపించేవారిని ఆ పదిమందిలో లెక్కించవచ్చా అన్న చర్చ వివిధ శాఖల రబ్బీల మధ్య సాగుతోంది.