కింద ఊరుతున్న కుంట

ఆ రాత్రి వాన లేదు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన కుండపోత వెలిసి రెండు వారాలు దాటింది. కాలనీ రోడ్లు ఎప్పుడో ఆరిపోయాయి. తెల్లవారుజామున మూడింటికి, మా అపార్ట్‌మెంటు సెల్లార్లో లిఫ్టు పక్క గదిలో ఉండే వాచ్‌మన్ భార్య, పాప ఏడుస్తుంటే మంచం దిగింది. చీలమండ దాకా చన్నీళ్లు.

"లైటు ఎయ్యకు!" అని మొగుడు అరిచాడు.

స్విచ్చుబోర్డు కింద టేబుల్ ఫ్యాను వైరు అప్పటికే నీళ్లలో ఉంది. ఆ కేకే ముగ్గురినీ బతికించిందని ఇప్పటికీ నమ్ముతాను. చీకట్లోనే పిల్లను చంకనేసుకుని ర్యాంపు ఎక్కొచ్చి నా తలుపు తట్టారు.

"సార్, ఇవి వాన నీళ్లు గావు. కిందికెల్లి ఊరుతున్నయ్."

అపార్ట్‌మెంటు సంఘానికి అప్పుడు నేనే కార్యదర్శిని. మీటర్లన్నీ సెల్లార్లోనే ఉన్నాయి. కరెంటు వాళ్లకు ఫోన్ చేసి, సరఫరా ఆపించాకే కిందికి దిగాం. టార్చి వేస్తే నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, స్కూటరు చక్రం పక్కన పడ్డ రూపాయి బిళ్ల మీది బొమ్మ కూడా కనబడింది. గోడా నేలా కలిసే మూల వెంట సన్నటి బుడగలు వరసగా పైకొస్తున్నాయి.

సంపు పగిలిందేమో అనుకున్నాం. నీళ్ల బోర్డు నుంచి వచ్చినాయన రెండు గాజు గొట్టాల్లో మందు చుక్కలు వేశాడు. నల్లా నీరు పసుపు రంగుకు తిరిగింది. సెల్లారు నీరు ఉన్నది ఉన్నట్టే ఉంది. అందులో క్లోరిన్ లేదు, మురుగు వాసనా లేదు. అది ఊటనీరు.

గేటు ముందు ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దాయన మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇది కుంట శిఖం సార్. చిన్నప్పుడు ఈడ్నే బర్లను కడిగెటోళ్లం" అన్నాడు.

హైదరాబాద్ కింద ఉన్నది గట్టి రాయి. దాని మీద మొరం పొర. వాన నీరు మొరంలోకి ఇంకి, రాయి తగిలాక ఇంక దిగడానికి దారి లేక పల్లం వైపు మెల్లగా నడుస్తుంది. వాన వెలిసిన చాన్నాళ్లకు సెల్లార్లు నిండేది అందుకే. కొత్తలో మా కాలనీలో ఇంటింటి బోరూ రాత్రింబవళ్లు తోడేది కాబట్టి మాకు ఈ సంగతి తెలియలేదు. నల్లాలొచ్చి బోర్లు ఆగాక, కుంట తన మట్టానికి తాను వచ్చింది.

అది ఒప్పుకోవడానికి మాకు రెండు వానాకాలాలు పట్టింది. మొదటిసారి గోడలకు లోపలివైపు వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాం. మీటరు ఎత్తు నీరు అడుగున చదరపు మీటరు మీద టన్ను బరువుతో నెడుతుంది. లోపలి పూత దాన్ని ఎట్లా ఆపుతుంది? శ్రావణంలో పూత అప్పడంలా పొంగి, పెచ్చులుగా రాలింది. మరుసటి ఏడు రెండు పెద్ద మోటార్లు ఒకేసారి పెట్టాం. గంటకే పైపులోంచి నీరు ఎర్రగా వచ్చింది. మేస్త్రీ పరుగెత్తుకెళ్లి స్విచ్చు కట్టేశాడు.

"మన్ను వస్తుంది సార్. పునాది కింద మన్ను మనమే తోడుకుంటున్నం!"

నీటిని ఆపే ఆలోచన ఆ రోజే వదిలేశాం. గోడల వెంట నేల పగలగొట్టి కాలువ తీశాం. అందులో చిల్లుల పైపు, చుట్టూ గుడ్డ చుట్టిన కంకర, వాలు చివర నాలుగడుగుల గుంత. గుంత నిండగానే దానంతట అదే నడిచే చిన్న మోటారు. ఆ నీరు వాననీటి కాలువలోకి పోతుంది. నేల మీద ఒత్తిడి తగ్గింది. సెల్లారు ఆరింది.

డబ్బు లెక్క త్వరగానే తేలింది. తేలనిది వాచ్‌మన్ గది. పైకి మార్చాలంటే ఒక కారు స్థలం పోతుంది. సమావేశంలో గంటన్నర వాదన. "వాళ్లు అలవాటు పడ్డారుగా" అన్న మాట విని నాకు కడుపు మండిపోయింది. చివరికి నా కారు రోడ్డు మీద పెట్టుకుంటానని ఆ చోటే ఇచ్చాను. ఇరుగుపొరుగు వాళ్లిద్దరు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. దానికి నాకు విచారం లేదు.

ఖాళీ అయిన పాత గదిలో గోడ మీద బొగ్గు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నీరు ఎంత దాకా వచ్చిందో వాచ్‌మన్ భార్య గీసి పెట్టుకున్నవి. అన్నిటికంటే పై గీత మంచం కోడు ఎత్తున ఉంటుంది.

మొన్న భాద్రపదంలో మళ్లీ ముసురు పట్టింది. మోటారు ఇరవై నిమిషాలకోసారి నడుస్తోంది. అర్ధరాత్రి దాటాక ఆమె ఫోను.

"సార్, నిద్రవోయిండ్రా? మోటరు సప్పుడు ఇనొస్తలేదు."

కరెంటు పోయింది. జనరేటరు తాళం తీసుకుని మెట్లు దిగాను. ర్యాంపు దగ్గర ఆమె టార్చి పట్టుకుని నిలబడి ఉంది.