పొలిమేర రాయి

ఇంగ్లండు దేశములో డెర్బీషైరు కొండల నడుమ ఈమ్ అను పల్లె యున్నది. అచ్చట పరిశుద్ధ లారెన్సు పేరిట పాత దేవాలయమును, దాని ఆవరణములో వెయ్యి యేండ్లకు పైబడిన రాతి సిలువయు కలవు. అయితే ఆ ఊరికి పేరు తెచ్చినది పొలిమేరలోని ఒక మోటు రాయి.

1665వ సంవత్సరమున లండను నుండి ఆ ఊరి దర్జీ యింటికి గుడ్డల మూట వచ్చెననియు, అందలి మిన్నల్లుల వలన మహమారి ప్రవేశించెననియు చెప్పుదురు. సెప్టెంబరులో దర్జీ పనివాడు మొదట చనిపోయెను. మరుసటి వేసవికి తెగులు మరల విజృంభించెను.

అప్పుడు ఆ సంఘమునకు కాపరి విలియం మొంపెస్సన్ అను యువకుడు. ఊరివారికి అతనియందు ఇంకను గురి కుదరలేదు. వారు ప్రేమించినది మునుపటి కాపరియగు థామస్ స్టాన్లీని. 1662వ సంవత్సరపు చట్టము విధించిన ఆరాధన క్రమమునకు సమ్మతింపనందున స్టాన్లీ సేవ నుండి తొలగింపబడియుండెను. పొరుగున నున్నను ఏకము కాలేని యిద్దరిని ఆ కష్టదినము కలిపెను. 1666 జూనులో వారు జంటగా నిలిచి, తెగులు చుట్టుప్రక్కల పల్లెలకు ప్రాకకుండునట్లు ఎవరును ఎల్ల దాటరాదని జనులను బతిమాలిరి. జనులు ఒప్పుకొనిరి.

దేవాలయము మూసివేసి, కక్లెట్ లోయలో ఆకాశము క్రింద ఎడమెడముగా నిలిచి ఆరాధించిరి. ఎవరి మృతులను వారే తమ పొలములలో పాతిపెట్టుకొనిరి. ఛాట్స్‌వర్తు నుండి డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపెను. పొలిమేర రాతి గుంటలలో చిరక పోసి, అందులో నాణెములు వేసి, పొరుగువారు ఉంచిన సరకులు తీసికొనుచుండిరి.

ఆ ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతో పాతిపెట్టెను. రైలీ పొలములో ఆ సమాధులు నేటికిని కలవు. కాపరి తన యిద్దరు పిల్లలను ముందే దూరమునకు పంపివేసెను. ఈ మాట దాచరాదు. అయితే అతని భార్య కాతరిన్ వెళ్లక నిలిచి, రోగుల మధ్య తిరిగి, ఆగస్టు 25న మరణించెను. ఆమె సమాధి ఆ రాతి సిలువ ప్రక్కనే యున్నది. నవంబరు నాటికి తెగులు ఆగెను. సుమారు 260 మంది చనిపోయిరి.

ప్రియ చదువరీ, ఆ జనులందరును వీరులు కారు. కలిగినవారు కొందరు ముందే వెళ్లిపోయిరి. పేదలలో అనేకులకు వెళ్లుటకు చోటే లేదు. అయినను చీకటిలో ఎల్ల దాటుట ఎంత సులభము! ఎవరికిని తెలియకుండ దాటగలిగియు నిలిచినవారు ఎందరో దేవునికే యెరుక.

2020లో మన పల్లెలలో అనేకచోట్ల త్రోవలకు అడ్డముగా ముండ్లకంపలు వేసితిమి గదా! ఆ కంప పరులు మన యొద్దకు రాకుండుటకు. ఈమ్ వారి రాయి తమ కీడు పరులకు చేరకుండుటకు. రెండును కంచెలే. మొదటిది భయము వేయును, రెండవది ప్రేమ వేయును. పొరుగువారిని ప్రేమించుమను ఆజ్ఞను మనము ఎన్నిసార్లో విని యున్నాము. మన సంఘములలో నేడు ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కని పెద్దలు లేరా? జంటగా నిలుచుటకు వారు మరియొక తెగులు కొరకు కనిపెట్టవలెనా?

నేటికిని ఆగస్టు చివరి ఆదివారమున ఈమ్ సంఘము ఆ లోయలో కూడి తన మృతులను జ్ఞాపకము చేసికొనుచున్నది.