ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్: ఆ ఉద్యోగం ఎట్లా పుట్టింది?

ఆసుపత్రుల్లో క్లీనింగ్ డ్యూటీ చేసే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనిషి బాగా ఎరుక. మెడలో కార్డు, చేతిలో ప్యాడ్, ఎప్పుడు ఏ వార్డులో ప్రత్యక్షమవుతుందో చెప్పలేం. మాప్ నీళ్లు మార్చారా, ఏ చెత్త ఏ రంగు బ్యాగులో వేశారు, చేతులు కడిగారా అని అడుగుతుంది. ఆమె వస్తోందంటే ఒకరికొకరం సైగ చేసుకుంటాం. మనకు ఆమెను చూస్తే పోలీసును చూసినట్టే. నిరుడు మాలో ఒకరికి జరిగిన సంగతి తర్వాత మేం ఆ అభిప్రాయం మార్చుకున్నాం. ఆ సంగతి చివర్లో చెప్తాం. ముందు ఈ ఉద్యోగం చరిత్ర.

నైటింగేల్ పేరు అందరికీ తెలుసు కాబట్టి అక్కడ ఆగం. ఆమెకన్నా కొంచెం ముందు, 1847లో, వియన్నా నగరంలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆ ఆసుపత్రిలో రెండు కాన్పు వార్డులు. ఒకటి డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసేది, ఇంకోటి మంత్రసానులు చూసేది. డాక్టర్ల వార్డులోనే బాలింతలు జ్వరమొచ్చి ఎక్కువగా చచ్చిపోయేవాళ్లు. డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే కాన్పులకు వస్తున్నారని ఆయన కనిపెట్టి, వార్డు గుమ్మం దగ్గర క్లోరిన్ కలిపిన సున్నం నీళ్లు పెట్టించాడు. మనం రోజూ వాడే బ్లీచింగ్ పౌడరే అది! ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్ నాటికి ఆ లెక్క నూటికి ఇద్దరి దాకా దిగింది. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. తమ చేతులే మురికి అంటే ఎవరు ఒప్పుకుంటారు? 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

తర్వాత వందేళ్లలో సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలిసింది, పెన్సిలిన్ వచ్చింది. ఇక భయం లేదనుకున్నారు. కానీ 1950ల నాటికి ముక్కులో, చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగడం మానేసింది. ఆపరేషన్ చేసిన గాయాలు చీము పట్టేవి, పసిపిల్లలకు పుండ్లు లేచేవి, పనిచేసే నర్సులకే గడ్డలు వచ్చేవి. ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డున టార్కీ అనే ఊరు ఉంది. అక్కడి టార్బే ఆసుపత్రికీ ఇదే బాధ.

ఆ ప్రాంతపు ల్యాబులో బ్రెండన్ మూర్ అనే డాక్టరు ఉండేవాడు. ల్యాబులో కూచుంటే సీసాలో బ్యాక్టీరియా కనిపిస్తుంది. అది ఏ మంచం నుంచి ఏ మంచానికి, ఎవరి చేతి మీద పోయిందో కనిపించదు. అది తెలియాలంటే ఒక మనిషి వార్డులన్నీ తిరగాలి. అందుకని 1959లో కాట్రెల్ అనే సీనియర్ సిస్టర్‌ను ఈ పనికే పెట్టారు. ఆమె అంతకుముందు ఆపరేషన్ థియేటర్ చూసుకున్న మనిషి. ఏ గాయం చీము పట్టింది, ఏ నర్సుకు గడ్డ లేచింది అని తిరిగి రాసుకోవడం, ల్యాబుకూ వార్డుకూ మధ్య కబురు నడపడం, తప్పు ఎక్కడ జరుగుతుందో చూసి నేర్పడం ఆమె పని.  1962లో మూర్ మరికొందరితో కలిసి ఈ కొత్త ఉద్యోగం గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు.

అమెరికాలో 1970ల నుంచి ఎన్నో ఆసుపత్రుల లెక్కలు తీసి 1985లో ఫలితం అచ్చువేశారు. 250 మంచాలకు కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, దాంతోపాటు గట్టి ఏర్పాట్లు ఉన్నచోట ఆసుపత్రిలో అంటుకునే జబ్బులు దాదాపు మూడో వంతు తగ్గాయి. అప్పటిదాకా దండగ ఖర్చు అన్న మేనేజర్లకు ఆ లెక్కతో నోరు పడిపోయింది.

ఇంగ్లండ్‌లో మాత్రం 1983లో క్లీనింగ్ పనికి టెండర్లు పిలవమన్నారు. తక్కువకు పాడినవాడికే కాంట్రాక్టు. ఆ కథ మనకు కొత్తగా చెప్పాలా? తర్వాత మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగి పెద్ద గొడవైతే, 2003లో ప్రతి ఆసుపత్రి సంస్థకూ ఇన్‌ఫెక్షన్ నివారణకు ఒక డైరెక్టరు ఉండాలన్నారు. చాలాచోట్ల ఆ స్థానంలో నర్సులే కూచున్నారు. 2004లో తెచ్చిన మేట్రన్స్ చార్టర్‌లో క్లీనర్లను కూడా వార్డు జట్టులో మనుషులుగా చూడాలని రాశారు.

అట్లా చూడకపోతే ఏమవుతుందో 2015లో దక్షిణ కొరియా చూసింది. గల్ఫ్ దేశాలు తిరిగి వెళ్లిన ఒక్క మనిషితో అక్కడ మెర్స్ మొదలై, మొత్తం 186 మందికి అంటింది, 38 మంది చనిపోయారు. సియోల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో రోగులను స్ట్రెచర్ మీద తోసే పనివాడు ఉన్నాడు. కాంట్రాక్టు మనిషి. రోగుల దగ్గర ఎవరెవరు ఉన్నారని రాసిన జాబితాలో ఆయన పేరు ఎక్కలేదు. ఒంట్లో బాగాలేకపోయినా కొన్ని రోజులు డ్యూటీ చేస్తూనే ఉన్నాడు. తర్వాత తేలింది, ఆయనకూ మెర్సే.

ఇక మా సంగతి. మా సభ్యుడొకరు వార్డులో చెత్త బ్యాగు ముడి వేస్తుంటే లోపల ఎవరో పడేసిన సూది వేలికి గుచ్చుకుంది. సూపర్‌వైజర్‌కు చెప్తే, "ఎవ్వరికీ చెప్పకు, కంపెనీ పేరు పోతది" అన్నాడు. మావాడు వేలికి టిష్యూ చుట్టుకుని పని చేసుకుంటూ పోయాడు. ఈ సిస్టరే చూసింది. మలయాళీ ఆమె. హిందీలో నిలదీసి అడిగి, చెయ్యి పట్టుకుని సింక్ దగ్గరికి తీసుకుపోయి సబ్బు నీళ్లతో కడిగించింది, పిండొద్దని చెప్పింది. గంటలోపే రక్తం పరీక్షకు పంపింది, డాక్టరుతో మాట్లాడి మందులు మొదలుపెట్టించింది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే ఆ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు. మావాడు రెండు రోజులు ఆగుదామనుకున్నాడు!

ఆమె రిజిస్టర్‌లో అతని పేరు, గంట, వార్డు నంబరు రాసింది. సూది ఆ బ్యాగులోకి ఎట్లా వచ్చిందని వార్డు నర్సులను అడిగింది, మావాణ్ని ఒక్క మాట అనలేదు. మీకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేశారా అని మా అందరినీ పిలిచి అడిగితే, పదకొండు మందిలో ముగ్గురే అవునన్నారు. తక్కిన ఎనిమిది మందికి మరుసటి వారమే మొదటి డోసు వేయించింది. సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుని వరండాలో నిలబడ్డాడు. మావాడి ఆర్నెల్ల పరీక్షలన్నీ మంచిగానే వచ్చాయి.